పానా పక్కన పెట్టి ఇలా రండి

ఏవండోయ్, మిమ్మల్నే. ఆ జీపు కిందనుంచి కాస్త బయటికి రండి. పొద్దుట్నుంచీ వింటున్నాను. సెల్ఫు తిప్పుతున్నారు, ఆపుతున్నారు, మళ్ళీ తిప్పుతున్నారు. ఒక్కసారికి పది సెకన్లకు మించి తిప్పకూడదండీ, మధ్యలో ఓ నిమిషం దానికి ఊపిరాడనివ్వాలి. లేకపోతే మోటారు కాలి అదో ఖర్చు.

నీకెందుకమ్మా అంటారేమో. గోడ మన ఇద్దరిదీ కదా, చప్పుడు అటే ఆగుతుందా మరి? పైగా నేను జీపున్న ఇంట్లో పెరిగినదాన్ని. మా నాన్నగారు రంపచోడవరం వైపు కాంట్రాక్టు పనులు చేయించేవారు. మాకు జీపు పేరు వినపడితే చాలు, అన్నం కంచాల ముందునుంచి కూడా లేచిపోయేవాళ్ళం, తొయ్యడానికి.

ఆయనది పాత పెట్రోలు బండి, సీజే 3బీ. ముక్కు ఎత్తుగా ఉండేది. దర్జా కోసం అనుకునేదాన్ని చిన్నప్పుడు. కాదుట. 1953లో విల్లీస్ వాళ్ళు ఈ బండికి హరికేన్ ఇంజను పెట్టారు. అందులో గాలి పీల్చే వాల్వులు పైకొచ్చాయి, ఇంజను పొడుగైంది, చేసేదేం లేక బానెట్ రేకు పైకి లేపారు. అంతే. మా బండికి ముక్కు వైపునుంచి హ్యాండిల్ వేసి తిప్పేవారు. బొటనవేలు హ్యాండిల్ చుట్టూ వెయ్యొద్దు, మిగతా వేళ్ళ పక్కనే పెట్టు అని మా అన్నయ్యకి రోజూ పాఠమే. ఇంజను ఎదురు తన్నిందంటే చుట్టూ వేసిన బొటనవేలు విరుగుతుంది. మా వీధి చివర ఒకాయన ఆ పాఠం వినలేదు. పెళ్ళిఫొటోలో చెయ్యి జేబులో పెట్టుకుని నిలబడ్డాడు పాపం, కట్టు కనపడకుండా.

మీదేమో డీజిల్, ఎంఎం 540 కదూ? ప్యూజో ఇంజనుది. గట్టిపిండమే లెండి. మీ జీపు చేసిన కంపెనీ పుట్టుక కథ తెలుసా మీకు? 1945లో మొదలెట్టినప్పుడు దాని పేరు మహీంద్రా అండ్ మహమ్మద్. ఇద్దరు అన్నదమ్ములు, వాళ్ళతో గులాం మహమ్మద్ అని ఒకాయన. ఉక్కు వ్యాపారం. 1947లో విల్లీస్ జీపులు తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలెట్టారు. ఇంతలో దేశం రెండు ముక్కలైంది. మహమ్మద్ గారు అటు వెళ్ళి పాకిస్తాన్‌కి మొదటి ఆర్థిక మంత్రి అయ్యారు, తర్వాత గవర్నర్ జనరల్ కూడా. ఇక్కడ 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. ఎం అండ్ ఎం అన్న పొట్టిపేరు మాత్రం చెక్కు చెదరలేదు చూశారూ!

సరే, ఎక్కడున్నాం? స్టార్టవటం లేదు. ఇంతకీ ఏం విప్పారు? ఇంజెక్షన్ పంపా? అయ్యో, ముట్టుకోకండి, పుణ్యముంటుంది. మగవాళ్ళందరికీ ఇదో జబ్బు. బండి ఆగిందంటే దానిలో అన్నిటికన్నా ఖరీదైన సామాను మీదకే పోతుంది చెయ్యి. నాజిళ్ళు పోయాయి, పంపు పోయింది, బోరు చేయించాలి. నాన్నగారు మాత్రం చౌకదాంతో మొదలెట్టేవారు. రూపాయి వాషరు చూశాక పది రూపాయల గొట్టం, అది చూశాక మిగతావి.

నన్నడిగితే ఇది గాలి పట్టడం. ఒక్క సంగతి చెప్పండి. ట్యాంకు నిండా ఉన్నప్పుడు తొందరగా అందుకుని, సగానికి దిగాక పొద్దున్నే ఏడిపిస్తోందా? చెప్పానా! ట్యాంకునుంచి ఫీడ్ పంపుదాకా ఉన్న దారి పీల్చే దారండీ. అక్కడ సందుంటే డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. చిల్లుపడ్డ స్ట్రాతో కొబ్బరినీళ్ళు తాగినట్టు. అందుకే కింద తడి కోసం వెతికితే ఏమీ కనపడదు, మెకానిక్కు కూడా పెదవి విరిచి పోతాడు. రాత్రంతా ఆ సందులోంచి గాలి దూరి, గొట్టంలో డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది. ఇంజెక్షన్ పంపు ఎంత నొక్కినా గాలి నలుగుతుంది తప్ప నాజిల్ తెరుచుకునేంత ఒత్తిడి రాదు.

ఫీడ్ పంపుకి ముందు ఓ జానెడు పారదర్శకమైన డీజిల్ గొట్టం తగిలించి చూడండి. ఇంజను నడుస్తుంటే బుడగలు కనిపిస్తే దొంగ దొరికినట్టే. ట్యాంకు వైపునుంచి ఒక్కో జాయింటూ చూసుకుంటూ రండి. రాగి వాషర్లు ఒకసారి నలిగాక మళ్ళీ వాడకూడదు, మీరు వాడే ఉంటారు. రబ్బరు గొట్టం పైకి బాగానే ఉంటుంది, వంచితే పగుళ్ళు నవ్వుతాయి.

తర్వాత గాలి తియ్యాలి. ఫిల్టరు మీద చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని కాస్త వదులు చేసి చేత్తో కొట్టే పంపు కొట్టండి. నురగ పోయి నికార్సైన డీజిల్ వచ్చేదాకా కొట్టి బిగించండి. ఇంజెక్షన్ పంపు మీదున్న స్క్రూ దగ్గరా అంతే. అప్పటికీ అందుకోకపోతే నాజిళ్ళ దగ్గర నట్లు అర చుట్టు వదులు చేసి, ఇంకెవరినైనా సెల్ఫు తిప్పమనండి. చుక్కలు పడగానే బిగించెయ్యండి. అదిగో, అక్కడ వేలు పెట్టి చూడబోయారు! ఆ ఒత్తిడికి డీజిల్ సూదై చర్మంలోకి దిగుతుంది. పైన చిన్న చుక్కే కనపడుతుంది, లోపల కండ కుళ్ళుతుంది. అలాంటిది జరిగితే ఇంట్లో పసుపు రాసుకుని కూర్చోకూడదు, పరుగున ఆసుపత్రికే.

గాలి కాదు, అసలు సెల్ఫే తిరగకుండా టక్కుమని ఊరుకుంటోందా? అయితే ఎర్తు. మీరు మొన్న దసరాకి రంగు వేయించారు కదా, ఆ ఆకుపచ్చ. బాగుంది లెండి, మా ఆయన మిలిటరీ వచ్చిందనుకున్నారు. ఆ రంగు వేసే అబ్బాయి ఎర్తు తీగ విప్పి, కిందంతా నున్నగా రంగు కొట్టి, దానిమీదే మళ్ళీ బిగించి ఉంటాడు. రంగులోంచి కరెంటు ఎలా పోతుందండీ? అప్పట్నుంచీ మీ హారను గొంతు పట్టుకున్నట్టే ఉంది, నేను గమనిస్తూనే ఉన్నాను. మీటరు ఉందిగా మీ దగ్గర? ఒక తీగ బ్యాటరీ మైనస్ గుండు మీద, రెండోది ఇంజను మీద శుభ్రంగా ఉన్న ఇనుము మీద పెట్టి సెల్ఫు తిప్పించండి. అర వోల్టు దాటిందంటే ఎర్తు సరిగా లేనట్టే. ఉప్పుకాగితంతో ఇనుము తళతళలాడేదాకా గీకి బిగించి, పైన వాజలీన్ పుయ్యండి. బ్యాటరీ గుళ్ళమీద తెల్లగా, పచ్చగా పూసిన బూజుకి వేడినీళ్ళలో వంటసోడా చాలు. ఎర్తు మరీ చెడిపోతే కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది. పెట్రోలు బండిలో అయితే చోకు వైరు పట్టుకుంటే చెయ్యి చుర్రుమంటుంది ఒక్కోసారి. జనం ఇంజను వేడనుకుంటారు.

కాస్త మజ్జిగ తాగుతారా? ఉండండి, ఇంకా అసలుది అడగలేదు. మొన్న మీరు బజారు దాటి గుంతలో దిగగానే స్టీరింగు రెండు చేతుల్లో గజగజా వణికింది కదా? మా మనవడు చూశాడు, మీ మొహం కూడా చూశాట్ట. అప్పుడే మీరు స్టీరింగు బాక్సు మార్చాలనుకుని ఉంటారు. వద్దు. ముందు చక్రాన్ని జాకీ మీద లేపండి. పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ముందుకీ వెనక్కీ ఊపండి. టకటకమని ఆడితే ఇంట్లోవాళ్ళని బ్రేకు తొక్కమనండి. తొక్కగానే ఆట ఆగిపోతే చక్రం బేరింగు. తొక్కినా ఆడుతూనే ఉంటే కింగ్‌పిన్. పక్కలకి పట్టి ఊపితే లూజుంటే రాడ్డు చివర్ల గుండ్లు కూడా చూడాలి. కింగ్‌పిన్ దగ్గర సన్నటి రేకు బిళ్ళలుంటాయి, షిమ్ములంటారు. వాటిలో ఒకటో రెండో తీస్తే బిగువొస్తుంది. దానికి మాత్రం చెయ్యి తిరిగిన మనిషి కావాలి, ఆటోనగర్‌లో ఎవరైనా పాతకాలం వాళ్ళు దొరుకుతారు. బెజవాడ వెళ్తే నాకూ ఓ మాట చెప్పండి, అక్కడో చీరల పని ఉంది.

జాకీ అంటే గుర్తొచ్చింది. జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద పడుకోకండి. నాన్నగారు రైలు స్లీపరు చెక్క ముక్కలు రెండు దాచుకుని, బండి లేపగానే ఛాసిస్ కింద పెట్టేవారు, వెనక చక్రాలకి రాళ్ళు వేసేవారు. ఆయన బండి కిందుంటే అమ్మ వాకిట్లోంచి కదిలేది కాదు. బ్రేకు డ్రమ్ము విప్పితే ఆ నల్లటి దుమ్ము నోటితో ఊదకండి కూడా. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది. తడిగుడ్డతో తుడవండి.

ఏజెన్సీలో వాగులు దాటి వచ్చిన రాత్రి నాన్నగారు లాంతరు పట్టుకుని ఇరుసు హౌసింగు కింది నట్టు వదులు చేసి ఒక చుక్క నూనె చూసేవారు. దారిలో వేడెక్కిన హౌసింగు చల్లటి నీళ్ళలో దిగగానే లోపలి గాలి ముడుచుకుంటుంది, సీళ్ళలోంచి నీళ్ళు పీల్చేస్తుంది. పైనున్న గాలిగొట్టం మట్టితో మూసుకుపోతే ఇంకా ఎక్కువ. నూనె పాలరంగులో వచ్చిందంటే మార్చేయడమే, రేపు చూద్దామని లేదు. అన్నట్టు, మీరు ఊరికే సోకుకి తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేస్తున్నారు, నాకు తెలుసు. మలుపులో ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ దూరం తేడా ఉంటుంది. మట్టిలో అయితే జారి సర్దుకుంటాయి, తారు మీద ఎక్కడ జారతాయి? లోపల బిగుసుకుపోయి లివరు బయటికి రానంటుంది. కాస్త రివర్సు పోనిచ్చి చూడండి, వదుల్తుంది. లివరు మీద కాళ్ళేసి తన్నడం ఏవిటి, ఎదురింటి పిల్లలు నేర్చుకోరూ!

పొగ సంగతి చెప్పక్కర్లేదు మీకు. నల్లగా వస్తే ఎయిర్ ఫిల్టరు దులపండి ముందు. నీలంగా వస్తే ఇంజనాయిల్ కాలుతోంది, దానికి డబ్బు సర్దుకోండి. పొద్దున్న కాసేపు తెల్లగా వచ్చి పోతే కంగారు పడకండి. వేడెక్కాక కూడా తెల్లగానే వస్తూ రేడియేటర్లో నీళ్ళు తగ్గుతుంటే మాత్రం హెడ్ గాస్కెట్ చూపించుకోవాలి. వేడి మీద రేడియేటరు మూత తియ్యొద్దని వేరే చెప్పాలా?

బిగించాక ఆ హార్లిక్స్ సీసాలో మిగిలిన నట్లు మాత్రం నాకు చూపించండి. ప్రతిసారీ నాలుగు మిగులుతున్నాయి మీకు, అవి ఎక్కడివో నాకు అర్థం కావట్లేదు. అడిగితే స్పేర్లంటారు. మా ఆయన ఫ్యాను విప్పినా అంతే, స్పేర్లే.

ఇంతకీ మీ ఆర్సీ గడువెప్పుడండీ? సొంతబండికి మొదట పదిహేనేళ్ళు, ఆ తర్వాత ఐదేళ్ళకోసారి తనిఖీ చేయించుకుని పొడిగించుకోవాలి కదా. బ్రేకులు, లైట్లు, పొగ అన్నీ చూస్తారు. ఆ హారను వినిపించారంటే పంపించేస్తారు మిమ్మల్ని. వెళ్ళి బీరువాలో చూసి రండి, నేనిక్కడే ఉంటాను. మీ ఆవిడకి చెప్పకండి నేనడిగానని, కాయితాలు దాచిపెట్టింది తనే.