వినిపించని ఏడుపు

వెంటిలేటర్ మీదున్న పసికందు ఏడిస్తే వినబడదు. గొట్టం స్వరతంత్రుల మధ్యగా దిగి ఉంటుంది. కనుబొమలు ముడిపడతాయి, కళ్లు గట్టిగా మూసుకుపోతాయి, గొంతు మాత్రం పెగలదు. ఏడుపు వినబడకపోతే నొప్పి లేదనుకోవడం పెద్దవాళ్లకు ఎంత సులువో!

వైద్యులూ చాలాకాలం అలాగే అనుకున్నారు. నెలలు నిండని బిడ్డకు నరాలు పండలేదు కాబట్టి నొప్పి తెలియదని నమ్మి, కదలకుండా మందిచ్చి, నొప్పికి సరైన మందు లేకుండానే ఆపరేషన్లు చేసిన రోజులున్నాయి. ఇండోర్‌లో వైద్యం చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన కన్వల్‌జీత్ ఆనంద్ 1987లో ఆ నమ్మకాన్ని కుదిపారు. గుండె దగ్గరి రక్తనాళానికి ఆపరేషన్ చేసేటప్పుడు నొప్పి తగ్గించే ఫెంటానిల్ కూడా ఇస్తే, ఒంట్లో ఒత్తిడి హార్మోన్ల ఉధృతీ, తర్వాతి చిక్కులూ తగ్గాయని చూపించారు.

అలాగైతే వెంటిలేటర్ మీదున్న ప్రతి బిడ్డకూ మార్ఫిన్ ఎక్కిస్తూ ఉంటే పోలేదా? మనసుకు అదే న్యాయమనిపిస్తుంది. ఆ న్యాయాన్నీ ఆనంద్ బృందమే పరీక్షకు పెట్టింది. 2004లో లాన్సెట్‌లో వచ్చిన ‘నియోపెయిన్’ అధ్యయనంలో 898 మంది శిశువులున్నారు. మార్ఫిన్ వల్ల మరణాలు తగ్గలేదు, మెదడులో తీవ్రమైన రక్తస్రావమూ తగ్గలేదు. రక్తపోటు పడిపోవడం మాత్రం ఎక్కువైంది.

ఆ చిన్న ఒంట్లో మందు త్వరగా కరిగిపోదు. కాలేయం, మూత్రపిండాలు ఇంకా పనికి అలవాటు పడలేదు. పేగు మందగిస్తే పాలు పట్టడం వెనకబడుతుంది. శ్వాస మందగిస్తే వెంటిలేటర్ తీయడం ఆలస్యమవుతుంది. ఎక్కువ రోజులు వాడి ఒక్కసారిగా ఆపితే బిడ్డ గిలగిలలాడుతుంది.

నన్ను ఆలోచనలో పడేసేది ఆ పరిశోధన వెనకున్న నిజాయితీ. పసివాళ్లకు నొప్పి ఉందని లోకాన్ని ఒప్పించిన మనిషే, తన మందుకు హద్దు ఎక్కడో కూడా వెతికాడు. జాలి పడడం సులభం, ఆ జాలిని లెక్కకు నిలబెట్టడం కష్టం.

ఆపరేషన్ అయిన బిడ్డకు మార్ఫిన్ అవసరమే కావచ్చు. రక్తపరీక్షకు మడమ గుచ్చేటప్పుడైతే కాళ్లూచేతులూ దగ్గరికి ముడిచి పట్టుకోవడం, నాలుక మీద రెండు చుక్కల తల్లిపాలు కొంత ఊరటనిస్తాయి. అందరికీ ఒకే మందు, ఒకే మోతాదు అన్నదే తప్పు. మీ బిడ్డ ఎప్పుడైనా ఆ అద్దాల పెట్టెలో ఉంటే, మందు ఇస్తున్నారా అని మాత్రమే అడగకండి. నొప్పిని ఎలా కొలుస్తున్నారో, మందు ఎప్పుడు తగ్గిస్తారో కూడా అడగండి.