కట్టెలు అక్కరలేని వేడినీళ్లు

మా పాలమూరు మెట్టసీమలో స్నానానికి వేడినీళ్లంటే ముందుగా గుర్తుకు వచ్చేది నీళ్లు కాదు, కట్టెలు. పత్తికట్టె, కందికట్టె, తుమ్మమొద్దు ఏదో ఒకటి పోగు చేయాలి. బోరింగు దగ్గర నుండి బిందెలు మోయాలి. కోడి కూయకముందే కాగు కింద మంట పెట్టి పొగలో కళ్లు నలుపుకోవాలి. ఇంత పనీ ఇంటి ఆడవాళ్లదే. ఇంటిల్లిపాదీ స్నానాలు ముగిశాక అడుగున మిగిలిన గోరువెచ్చని నీళ్లు ఆ తల్లికి దక్కుతాయి. గ్యాసు, కరెంటు వచ్చిన ఇళ్లలో ఈ కష్టం తగ్గింది గాని, పల్లెల్లో కాగు ఇంకా పూర్తిగా మూలకు చేరలేదు.

ఎవరూ మంట పెట్టకుండానే నేలలో నుండి వేడినీళ్లు ఊరే చోటు మన తెలుగు దేశంలోనే ఉంది. భద్రాచలానికి సుమారు ఐదు కిలోమీటర్ల దూరంలో, గోదావరి ఒడ్డున, గుండాల అనే ఊరది. ఉష్ణగుండాల అని కూడా అంటారు. మా అమ్మకు ఆ నీళ్లు చూపించాలని మేము కుటుంబంగా తలంచాము. ఊరు దాటి పోవడమంటే ఆమెకు తెలిసినవి మూడే: పెళ్లి, చావు, దవాఖాన. విశ్రాంతి కోసం ప్రయాణం చేయడమనేది డెబ్బై ఏండ్ల జీవితంలో ఆమె ఎరుగదు.

సంఘ సేవలో ఉన్నవారికి వారాంతపు సెలవు ఆదివారం ఆరాధన ముగిశాకనే మొదలవుతుంది. జనవరి చివర, కంది కోతలు అయిపోయిన ఒక ఆదివారం మధ్యాహ్నం కల్వకుర్తిలో బస్సెక్కి హైదరాబాదు చేరాము. అక్కడ సికింద్రాబాదులో మణుగూరు పోయే రాత్రి రైలు పట్టుకున్నాము. డోర్నకల్ జంక్షను ఎప్పుడు దాటామో పిల్లలకు తెలియనే లేదు. తెల్లవారుజామున భద్రాచలం రోడ్ స్టేషనులో దిగాము. మొదటిసారి వెళ్లేవారు ఒక సంగతి గమనించాలి. పేరు భద్రాచలం రోడ్ అయినా ఆ స్టేషను ఉన్నది కొత్తగూడెంలో. అక్కడి నుండి భద్రాచలానికి ఇంకా 40 కిలోమీటర్లు బస్సులో పోవాలి. పాల్వంచలో థర్మల్ విద్యుత్ కేంద్రం పక్క నుండే దారి. ఆ తరువాత అడవి, అడవి దాటితే గోదావరి. రాళ్లగుట్టలూ ఎండిన కుంటలూ చూసి పెరిగిన మా పిల్లలు ఆ నది వెడల్పు చూసి చాలాసేపు మాట్లాడలేదు.

భద్రాచలంలో ఒక సాధారణమైన లాడ్జీలో రెండు రాత్రులకు గది తీసుకున్నాము. వేడినీళ్లు ఉదయం ఐదు నుండి ఎనిమిది వరకు బకెట్టు లెక్కన ఇస్తామన్నారు. "మేము వేడినీళ్ల కోసమే వచ్చినం, మీ బకెట్టు వద్దు" అని మా చిన్నవాడు జవాబు చెప్పాడు.

గుండాలకు ఆటోలో వెళ్లాము. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉంది గాని, 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు దాని చుట్టుపట్ల ఐదు పంచాయతీలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. గుండాల వాటిలో ఒకటి, ఎటపాక మండలంలోనిది. ఐదు కిలోమీటర్లలో రాష్ట్రం మారుతుంది! భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో గుండాల అనే మండలం వేరే ఉంది. ఆటో ఎక్కేటప్పుడు "వేడినీళ్ల గుండాల" అని స్పష్టంగా చెప్పడం మంచిది.

అక్కడ పెద్ద కట్టడమేదీ ఆశించకండి. ఇసుక, నది, ఆకాశం, అంతే. ఇసుకలో చిన్న గుంట తవ్వితే వెచ్చని నీరు ఊరుతుంది. చలికాలంలో త్రిమూర్తులు వచ్చి ఈ నీటిలో స్నానం చేస్తారని హిందూ సోదరులు నమ్ముతారు. మేము ఒకచోట తవ్వబోతుంటే, దగ్గరలో బట్టలు ఆరేస్తున్న ఒక కోయ తల్లి వచ్చి, "అక్కడ కాదక్కా, అవి నది నీళ్లు, చల్లగుంటయి. ఇక్కడ తవ్వుండ్రి" అని చోటు చూపింది. పిల్లలు చేతులతోనే తవ్వారు. ఇసుక ముందు తడిసింది, తరువాత నీరు ఊరింది. పెద్దవాడు చేయి పెట్టి వెంటనే వెనక్కు తీసుకుని నవ్వాడు. పైన కొంచెం చన్నీళ్లు కలిపి, మా అమ్మను గుంట అంచున కూర్చోబెట్టి కాళ్లు నీళ్లలో పెట్టించాము.

ఆమె కొంతసేపు ఊరకుండి, "పొయ్యి లేదు, కట్టె లేదు. ఇన్ని నీళ్లు ఎవరు కాసిండ్రు బిడ్డా?" అని అడిగింది.

పిల్లలకు కూడా ఇదే ప్రశ్న. తెలిసినంత చెప్పాము. భూమి లోపలికి పోయేకొద్దీ వేడి పెరుగుతుంది, మామూలుగా కిలోమీటరు లోతుకు 25 నుండి 30 డిగ్రీల దాకా. గోదావరి లోయ కింద కోట్ల ఏండ్ల నాటి ఇసుకరాతి పొరలు, వాటి నడుమ బొగ్గు ఉన్నాయి. ఆ పొరలు విరిగినచోట పగుళ్లు ఉంటాయి. వాన నీరు ఆ దారిన లోతుకు దిగి, వేడెక్కి, మరొక పగులు వెంట పైకి వస్తుంది. ఇక్కడ అగ్నిపర్వతమేదీ లేదు, భూమి తన సహజమైన వేడితోనే నీళ్లు కాస్తున్నది.

గోదావరికి ఆవలి ఒడ్డున, మణుగూరు దగ్గర పగిడేరులో ఇదే వేడి మరొక విధంగా బయటపడింది. బొగ్గు ఉన్నదీ లేనిదీ తెలుసుకోవడానికి వేసిన బోర్లలో నుండి వేడినీళ్లు వాటంతటవే పొంగాయి. అక్కడ సింగరేణి సంస్థ ప్రయోగంగా 20 కిలోవాట్ల చిన్న విద్యుత్ కేంద్రం పెట్టింది. ఆ నీరు ఆవిరి కొట్టేంత వేడిది కాదు. అందుచేత తక్కువ వేడికే మరిగే వేరొక ద్రవానికి ఆ వేడిని అందించి, దాని ఆవిరితో యంత్రం తిప్పుతారు.

వేడినీటి ఊటల పేరు చెబితే లోకమంతా తలచుకునేది జపాను దేశాన్ని. అక్కడ వీటిని ఓన్సెన్ అంటారు. భూమిలో నుండి వచ్చే నీరు 25 డిగ్రీల వేడి ఉన్నా, లేక నిర్ణీతమైన లవణాలు ఉన్నా దాన్ని ఓన్సెన్ అనవచ్చునని 1948లో చట్టమే చేశారు. యమనాషి ప్రాంతంలో 705వ సంవత్సరంలో మొదలైన కెయిఉన్‌కాన్ అనే విడిది ప్రపంచంలోనే అతి పాత హోటలుగా గిన్నిస్ గ్రంథానికి ఎక్కింది. ఇలాంటి విడుదుల్లో అతిథులు చెప్పులు విడిచి లోపలికి వెళ్లాలి. గడ్డితో అల్లిన చాపలు పరచిన గదిలో నేలమీదనే పడక. ముందు సబ్బుతో ఒళ్లు శుభ్రంగా కడుక్కుని, ఆ తరువాతే అందరూ కూర్చునే తొట్టిలోకి దిగాలి, ఆడవాళ్లు వేరు, మగవాళ్లు వేరు. భోజనం చిన్న చిన్న గిన్నెల్లో అందంగా అమర్చి తెస్తారు. ఖరీదైన చోట్ల ఒక్క రాత్రికి మనిషికి 30 వేల యెన్‌లు దాటుతుంది. పల్లెలో ఒక కుటుంబం నెలంతా బ్రతికే డబ్బు అది.

ఇదంతా ధనవంతుల వైభోగమని మనం అనుకోవచ్చు. అయితే జపానులో దీనికి ఇంకొక వైపు ఉంది. తోజి అని వారికి ఒక పాత అలవాటు. కోతలు ముగిశాక రైతులు తమ బియ్యం తామే మూటకట్టుకుని, ఊటల దగ్గరి చవుక గదుల్లో వారం పది రోజులు ఉండి, తామే వండుకుంటూ, రోజూ ఆ నీళ్లలో నడుములు కాపుకునేవారు. వరి నాట్లతో వంగిన నడుములే అవి. కోత ముగియగానే మన మెట్టసీమ కూలీలు ఎన్నో ఏండ్లు మూట కట్టింది విశ్రాంతికి కాదు, వలసకు. మూట ఒక్కటే, ప్రయాణం వేరు.

ఈ నీళ్లలో రోగాలు పోతాయా అని మమ్మును కొందరు అడిగారు. వెచ్చని నీరు బిగుసుకున్న కండరాలకు, కీళ్లకు హాయినిస్తుంది. మా అమ్మ ఆ రెండు పూటలూ మోకాళ్ల నొప్పి మాట ఎత్తలేదు. కాని హాయి వేరు, స్వస్థత వేరు. జపానులో కుసత్సు అనే ఊటల ఊరికి ఒకప్పుడు కుష్ఠు రోగులు ఎంతో ఆశతో వచ్చి అక్కడే ఉండిపోయేవారు. నీళ్లు వారిని బాగుచేయలేదు. మేరీ కార్న్‌వాల్ లీ అనే ఆంగ్లికన్ మిషనరీ 1916లో, దాదాపు అరవై ఏండ్ల వయసులో, ఆ ఊరు చేరి వారికి ఇండ్లు, బడి, వైద్యశాల ఏర్పాటు చేసింది. దాదాపు అదే కాలంలో మన నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ అదే రోగులకు సేవ ఆరంభించింది. ఆ రోగానికి నిజమైన మందులు 1940లలోనే వచ్చాయి. ఊట దగ్గర కూర్చున్న రోగికి ఊటకంటె ముందు కావలసినది తోడు ఒక మనిషి.

మరొక హెచ్చరిక. ఇలాంటి నీటిని తాగకూడదు. భూమి లోతుల నుండి వచ్చే వేడినీటిలో చాలాచోట్ల ఫ్లోరైడు, ఇతర లవణాలు ఎక్కువ. ఫ్లోరైడు అంటే ఏమిటో నల్లగొండ, మహబూబ్‌నగర్ వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. మన గ్రానైటు రాళ్ల బోర్లలో అది కలిసే వంగిన కాళ్లనూ గారపట్టిన పళ్లనూ ఇచ్చింది. కాళ్లకు హాయినిచ్చేదల్లా కడుపుకు మంచిది కాదు.

పరిశుద్ధ గ్రంథంలో కూడా వేడినీటి ఊటల మాట ఒకచోట ఉంది. ఆదికాండము 36వ అధ్యాయం 24వ వచనం చదవండి. పేర్ల జాబితా నడుమ, తండ్రి గాడిదలు మేపుతూ అరణ్యంలో ఊటలు కనుగొన్న అనా అనే ఒకడు కనిపిస్తాడు. రాజు కాడు, యాత్రికుడు కాడు, పశువుల వెంట తిరిగే పనివాడు. మాకు చోటు చూపిన కోయ తల్లి కూడా అలాంటిదే.

వెళ్లదలచిన వారికి రెండు మాటలు. నది తగ్గి ఉండే జనవరి నుండి మార్చి వరకు అనుకూలం. వానకాలంలో వెళ్లవద్దు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు, 2022 జూలైలో 71 అడుగులు దాటి పొంగింది. నీరు తగ్గిన రోజుల్లో కూడా పిల్లలను నది లోపలికి పోనివ్వవద్దు. ఆడవారు బట్టలు మార్చుకోవడానికి ఒక దుప్పటి తీసుకువెళ్లడం మేలు. నీరు ఎంత వేడి ఉన్నదో చేత్తో చూసిన తరువాతే వృద్ధులను, పసిబిడ్డలను దించండి.

అంత దూరం పోలేని వారు చాలామంది ఉంటారు, అది మాకు తెలుసు. బస్సు ఖర్చు కూడా బరువైన ఇండ్లు మన సంఘాల్లో ఎన్నో. వారికి మేము చెప్పేది ఇదే. గుండాలలో మా అమ్మకు దొరికిన విశ్రాంతిలో నీళ్ల పాలు సగమే. తక్కిన సగం, రెండు రోజులు ఆమె కోసం మరొకరు గుంట తవ్వడం, మరొకరు అన్నం వడ్డించడం. ఆ సగం ఇవ్వడానికి గోదావరి అవసరం లేదు. ఈ యేడు కోతలు అయ్యాక ఒక్క దినం కట్టెలు కొట్టి, కాగు నింపి, మంట పెట్టే పని ఇంటి మగవాళ్లు తీసుకోండి. మొదటి బకెట్టు, బాగా కాగిన బకెట్టు, మీ ఇంటి తల్లికి ఇవ్వండి.