మనాలీ-లేహ్ దారిలో కళ్లకు పరీక్ష

మనాలీలో బయల్దేరిన మోటార్‌సైకిల్ అటల్ సొరంగంలోకి దూరగానే నల్లద్దాల సంగతి తేలిపోతుంది. బయటి ఎండలో హాయిగా ఉన్న అద్దాలే లోపల కళ్లకు గంతలవుతాయి. 9.02 కిలోమీటర్ల సొరంగం దాటి లాహుల్ లోయలోకి వస్తే అంతా తలకిందులు. వేసవి మొదట్లో చుట్టూ మంచు కొండలు, కళ్లలో గుచ్చే ఎండ. 2020 అక్టోబరులో ఈ సొరంగం తెరుచుకున్నాక లేహ్ వెళ్లేవారికి రోహ్‌తాంగ్ కనుమ ఎక్కే శ్రమ తప్పింది. కళ్లకు పరీక్ష మాత్రం తప్పలేదు.

ఎందుకంటే అసలు ఎత్తులన్నీ ముందే ఉన్నాయి. బారాలాచా లా, నకీ లా, లాచుంగ్ లా దాటాక వచ్చే తంగ్లాంగ్ లా ఎత్తు 5,300 మీటర్ల పైమాటే. ప్రతి 1,000 మీటర్లకు అతినీలలోహిత కిరణాల తీవ్రత సుమారు 10 శాతం పెరుగుతుంది. తాజా మంచు వాటిలో 80 శాతం దాకా తిప్పికొడుతుంది. అంటే ఎండ నెత్తిమీద నుంచే కాదు, నేల మీద నుంచీ తగులుతుంది. దెబ్బ వెంటనే తెలియదు. కొన్ని గంటల తర్వాత, సర్చూ గుడారంలో నడుం వాల్చాక, కళ్లలో ఇసుక పోసినట్టు మంట, ఆగని నీళ్లు. ఇదే మంచు అంధత్వం. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది, కానీ అప్పటిదాకా బండి ముట్టుకోవడం ప్రమాదమే.

చవక నల్లద్దాలతో చిక్కంతా ఇక్కడే. రంగుకూ రక్షణకూ సంబంధం లేదు. కిరణాలను ఆపని ముదురు అద్దం వెనక కంటిపాప పెద్దదై, హాని చేసే వెలుగును మరింత లోపలికి రానిస్తుంది. చూడాల్సింది 'యూవీ 400' అన్న గుర్తు. అనుమానముంటే కళ్లద్దాల దుకాణంలోని మీటరు నిమిషంలో తేల్చేస్తుంది. అలాగని అన్నిటికంటే ముదురుది కొనడమూ పొరపాటే. హిమానీనదాలపై నడిచేవారి కోసం చేసే నాలుగో తరగతి అద్దాలు వాహనం నడపడానికి పనికిరావు. పగటి ఎండకు మూడో తరగతి చాలు. సొరంగానికి, సాయంత్రానికి రంగులేని జత వేరే ఉండాలి. వెలుతురును బట్టి రంగు మారే అద్దాలు చలిలో తేటపడటానికి మరింత సమయం తీసుకుంటాయి. సొరంగం అంతసేపు ఆగదు. పోలరైజ్డ్ అద్దాలు రోడ్డు మీది మంచు పలక మెరుపును దాచేస్తాయి.

పాంగ్ దాటాక మోరే మైదానంలో ఎండకు గాలీ దుమ్మూ తోడవుతాయి. ముందు లారీ చక్రం నుంచి ఎగిరే కంకరరాయికి పగిలే గాజు కన్నా పాలీకార్బొనేట్ మేలు. హెల్మెట్ వైజర్ ఉందిగా అనుకోవచ్చు. కనుమల చలిలో ఊపిరికే దానికి ఆవిరి పడుతుంది, చెయ్యి దాన్ని పైకి లేపేస్తుంది. అప్పుడు కళ్లకు మిగిలేది అంచుల చుట్టూ స్పాంజి ఉండి, గాలి ఆడే సన్నని రంధ్రాలున్న గాగుల్సే. వాటిని కొనేటప్పుడు సొంత హెల్మెట్ వెంట తీసుకెళ్లి, పెట్టుకుని చూడాలి. పవర్ అద్దాలు వాడేవారు వాటిపై పట్టే రకం అడగాలి. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ హెల్మెట్ తప్పనిసరి చేసింది గానీ కళ్లజోడు ఊసెత్తలేదు. ఆ ఎంపిక పూర్తిగా రైడర్‌దే.

ఎంచుకునే వీలున్నందుకు అతను అదృష్టవంతుడే. సరిహద్దు రోడ్ల సంస్థ కోసం ఈ దారిలో రాళ్లు పరిచే కూలీల్లో చాలామంది జార్ఖండ్ నుంచి వచ్చినవారు. రైడర్ ఈ వెలుగును రెండు మూడు రోజులు భరిస్తాడు. వాళ్లకు వేసవంతా అదే ఎండ, అదే దుమ్ము.