మఱుగుపడిన మోటారుబండ్లు

పాతబడిన నాగలిని రైతు కొట్టములో దాచును. పాతబడిన గంటమును పండితుడు తాటాకు కట్టలతో కూడ దాచును. పాతబడిన మోటారుబండిని దాచువారు మాత్ర మరుదు. అది నడచినన్నాళ్లు దానికి పసుపుకుంకుమలును, పూలదండలును. నిలిచిన మఱునాటినుండి అది ఇంటికడ్డము. మన పిల్లల నెవ్వరినైనను కార్ల పేర్లు చెప్పుమనిన, వీథిలో నిత్యము కనబడునవి ఇరువది గుక్క త్రిప్పుకొనక చెప్పుదురు. వానికి ముందు ఈ దేశమున పుట్టి, కొంతకాలము తిరిగి, లేక తిరుగకయే మూలబడిన బండ్ల పేర్లడిగిన మౌనమే ప్రత్యుత్తరము.

అట్టి బండ్లను వెదకుట కొన్నియేండ్లుగా మాకొక వ్యసనమైనది. వ్యసనములలో నిది చవుకయైనది. కాళ్లకు మాత్రము పని గలదు. తెనాలి, బాపట్ల, రేపల్లెలలో మాకు బంధువులును, పూర్వవిద్యార్థులును కలరు. పెండ్లికో పండుగకో పోయినపుడు, భోజనానంతరము అందఱును కునుకు తీయు వేళ, మేము పెరళ్లను, కొట్టములను, మరమ్మతు షాపుల వెనుకతట్టును చూచుచుందుము. "మాస్టారూ, అటు పోకండి, పాములుంటాయి" అని ఇంటివారు కేకవేయుట కూడ అలవాటైనది.

బాపట్లనుండి సూర్యలంకకు పోవు త్రోవలో నొక సరుగుడుతోపు ప్రక్కన మాకొక ఇనుపపెట్టె కనబడెను. చక్రములు లేవు, ఇంజను లేదు. జాలరులు దానిలో వలలు దాచుకొనుచుండిరి. పొడవైన మూతినిబట్టి దానిని గుర్తించితిమి. అది ముందొక చక్రము, వెనుక రెండు చక్రములు గల టెంపో. జర్మనీలోని హాంబర్గు నగరమున విడాల్ అను కంపెనీవారు కల్పించిన నమూనా. 1958లో స్థాపింపబడిన పూనాలోని బజాజ్ టెంపో కంపెనీవారు దానిని మనదేశమున తయారుచేసి, దశాబ్దములపాటు అమ్మిరి. కూరగాయల గంపలును, బియ్యపు బస్తాలును, పెండ్లివారును అందులోనే ప్రయాణము. నేడు ఆ బండి వీథులలో కనబడదు. కాని చిన్న సరుకుబండి దేనినైనను మనవారు "టెంపో" యనియే పిలిచెదరు. బండి పోయినను పేరు భాషలో స్థిరపడినది. ఇట్టి భాగ్యము బండ్లలో మిక్కిలి కొన్నింటికే పట్టినది.

రేపల్లెకు తూర్పున, కృష్ణ యొడ్డుననున్న యొక పల్లెలో మఱియొకటి చూచితిమి. గడ్డివామి చాటున, కోళ్లు గ్రుడ్లు పెట్టుకొను స్టాండర్డు హెరాల్డు కారు అది. మదరాసులోని స్టాండర్డు మోటారు కంపెనీవారు 1961 మొదలుకొని ఈ కార్లు కట్టిరి. ఇంటి యజమానురాలైన మామ్మగారు మాకు పీట వేసి, మజ్జిగ యిచ్చి, ఇట్లు చెప్పిరి: "ధాన్యం అమ్మి కొన్నారండీ ఆయన. దివిసీమ గాలివాన రోజున కొట్టం కూలి దాని మీద పడింది. మళ్లీ లేవలేదు." ఆ గాలివాన 1977 నవంబరు 19వ తేదీది. ఆ సంవత్సరముననే ఆ కంపెనీవారు హెరాల్డు తరువాత వచ్చిన గజెల్ అను కారును కూడ నిలిపివేసిరి. విఱిగిన భాగమునకు బదులు భాగము తెచ్చుకొనుటకు దారి యెక్కడిది? కంపెనీ నిలిచిన పిమ్మట బండి యనాథ యగును. 1985లో ఆ కంపెనీవారు మఱల నొక పెద్దకారును తెచ్చిరి గాని, అదియును నిలువలేదు. 2021లో మన ప్రభుత్వమువారు చేసిన నిబంధన ననుసరించి, ఏబదియేండ్లు దాటి, మూలరూపము చెడని బండిని పురాతనవాహనముగా నమోదు చేయించుకొనవచ్చును. ఈ మాట మామ్మగారి కుమారులకు చెప్పి వచ్చితిమి. వారు పాతయినుము ధర కనుగొనుచున్న సమయ మది.

తెనాలిలో కాలువగట్టున నివసించు నొక వృద్ధుని నోట మేము కంటితో చూడని బండిని గూర్చి వింటిమి. అది బొగ్గుబస్సు. రెండవ ప్రపంచయుద్ధకాలమున పెట్రోలు దొరకనపుడు మన జిల్లాలలో బస్సులను బొగ్గుతో నడిపిరి. బస్సు వెనుక నిలువెత్తు ఇనుపపీపా. అందు బొగ్గు నింపి నిప్పు రాజవేసి, ఒకడు చేతిచక్రము త్రిప్పుచు గాలి విసరును. చాలినంత గాలి యందనందున బొగ్గు పూర్తిగా కాలక, కార్బన్ మోనాక్సైడు అను వాయువు పుట్టును. అది విషము, కాని మండును. దానిని చల్లార్చి, వడబోసి, ఇంజనులోనికి పంపుదురు. పెట్రోలు నిచ్చు బలము బొగ్గు ఈయజాలదు. "వంతెన ఎక్కాలంటే అందరం దిగి తోసేవాళ్లం. దిగేటప్పుడు తెల్లబట్టలు, ఎక్కేటప్పుడు నల్లబట్టలు" అని ఆ వృద్ధుడు నవ్వెను. యుద్ధాంతమునకు జర్మనీలో ఇట్లు కట్టెతోను బొగ్గుతోను నడచిన బండ్లు సుమా రయిదులక్షలని లెక్క. తెనాలివారు నల్లబడిన బట్టలతో ఇల్లు చేరిన దినములలో లోకమున సగము ఆ పొగనే పీల్చుచుండెను. పెట్రోలు మఱల రాగానే పీపాలను విప్పి పాఱవైచిరి. ఒక్కటియైన మిగిలియుండునేమో యని మేమింకను వెదకుచున్నాము.

తెనాలినుండి రేపల్లెకు పోవు రైలుదారిలో భట్టిప్రోలు కలదు. 1892లో అలెగ్జాండరు రీ దొరగారు అచ్చటి స్తూపమును త్రవ్వించి, రాతిభరణెలను బయటికి తీసిరి. వానిపై చెక్కిన అక్షరములవలననే రెండువేల యేండ్లనాటి యొక లిపి మనకు తెలియవచ్చినది. ఆ శిల్పి రాతిపై నాలుగు మాటలు చెక్కియుండనిచో నది వట్టి బూడిదభరణెయే కదా! మఱుగుపడిన బండికి లోపించిన దీ నాలుగుమాటలే. ఎవ్వరు కట్టిరి, ఎందులకు కట్టిరి, ఎట్లు నడచినది, ఎందులకు నిలిచినది అను నాలుగు గడులతో మేమొక చిట్టా పుస్తకమును ప్రారంభించితిమి.

ఊళ్లలో కనబడినవి కొన్నియే. మిగిలినవానికై గ్రంథములను, పాతపత్రికలను వెదకితిమి. అపుడు చిట్టా త్వరగా నిండసాగెను. మహారాష్ట్రమున ఇచల్‌కరంజీ వాస్తవ్యులు శంకరరావు కులకర్ణిగారు సామాన్యుని కొఱకు "మీరా" యను చిన్నకారు నూహించి, 1949 నాటికి తొలి నమూనాను సిద్ధము చేసిరి. ఆ పిమ్మట ఇరువదియేండ్లకు పైగా దానిని సవరించుచునే యుండిరి. కేరళమున కె. ఏ. బాలకృష్ణ మేనోన్‌గారు 1966లో "అరవింద్" కారును స్వయముగా నిర్మించిరి. ఈ రెండును అంగడికి రాలేదు. ఆ దినములలో కారు కట్టుటకు బుద్ధి యొక్కటియే చాలదు. ప్రభుత్వపు లైసెన్సు కావలయును. బెంగుళూరులో "బాదల్" అను మూడుచక్రముల కారు కొంతకాలము అమ్ముడుపోయెను. దానిని కట్టినవారే సిపాని యను పేరుతో 1982లో "డాల్ఫిన్" అను కారును తెచ్చిరి. దాని దేహము రేకు కాదు, గాజునారతో చేసినది, తుప్పు పట్టదు. మఱుసటి యేడు డిసెంబరు 14వ తేదీన మారుతి 800 కారు వచ్చెను. తుప్పుపట్టని డాల్ఫిను దాని ముందు నిలువలేకపోయెను.

మన తెలుగునాటి కథయును ఇట్టిదే. 1942లో స్థాపింపబడిన హైదరాబాదు ఆల్విన్ కర్మాగారమువారు బస్సుల దేహములు కట్టిరి; శీతలపేటికలును, గడియారములును చేసిరి; లాంబ్రెట్టా వంశమునకు చెందిన "పుష్పక్" స్కూటరును అమ్మిరి. 1980 తరువాత జపానుదేశపు నిస్సాన్ కంపెనీతో కూడి జహీరాబాదులో చిన్న లారీలను తయారుచేసిరి. ఆ లారీల కర్మాగారము పిదప మహీంద్రావారి వశమైనది. మా విద్యార్థులలో నొక్కనికైనను "పుష్పక్" స్కూటరని విన్న జ్ఞాపకము లేదు. వారి తాతలు దానిపై సంతకు పోయియుందురు!

అయినచో చిన్నవారి బండ్లే మఱుగుపడునా? అట్లును గాదు. 2008 జనవరిలో టాటావారు లక్షరూపాయల కారని "నానో"ను చూపినపుడు లోకమంతయు తిరిగి చూచెను. పదేండ్లకు, 2018లో, దాని తయారీ నిలిచిపోయెను. ధనము, లైసెన్సు, పేరు, కర్మాగారము అన్నియు నున్నను నిలుచునను నియమము లేదు. కావున నిలిచిపోయిన బండి నంతటిని తెలివితక్కువవాని పనియని నవ్వుట న్యాయము కాదు.

ఇనుమును మఱల జీవింపజేయువారు కొందఱు కలరు. హైదరాబాదులో సుధాకర్‌గారు పాతయినుముతోనే పాదరక్షవలెను, కెమెరావలెను, కంప్యూటరువలెను నుండు కార్లు కట్టి, నడిపి, 2010లో వానికై బహదూర్‌పురాలో నొక ప్రదర్శనశాలను తెఱచిరి. 2005లో వారు నిర్మించిన 41 అడుగుల 7 అంగుళముల ఎత్తుగల మూడుచక్రముల సైకిలు గిన్నిస్ గ్రంథమున కెక్కినది. తెనాలిలోనే కాటూరి వెంకటేశ్వరరావుగారును, వారి కుమారులు రవిచంద్రగారును పాత గొలుసులు, గియరుచక్రములు, మరలు అతికి శిల్పములు చేయుచున్నారు. వారు 75,000 ఇనుపనట్లతో గాంధీమహాత్ముని విగ్రహమును మలచుట 2021లో పత్రికలకెక్కినది. అందలి యొక్కొక్క నట్టు మునుపే యంత్రమును పట్టియుంచెనో యెవ్వరు చెప్పగలరు!

ఈ సంగతులను మేము తొమ్మిదవ తరగతిలో చెప్పుచుండగా నొక బాలుడు తలయెత్తక వినుచుండెను. శనివారమునాడు మా యింటికి వచ్చి, గడపవద్దనే నిలిచి, "మాస్టారండీ, మా నాన్న కూడా ఒకటి కట్టాడండీ" అనెను. తండ్రి తెనాలిలో వెల్డింగు పని చేయువాడు. ఆ బండిని వీథిలోని పిల్లలు "తాబేలు" అందురట. బాలునికిని అదియే పేరు పెట్టిరి. ఆ పేరు బడిదాక వచ్చునేమో యను భయముచే నతడు తన వీథి పేరైనను ఎవ్వరికిని చెప్పియుండలేదు. తండ్రి దానిని ఇనుపకొట్టునకు అమ్మజూచుచుండెను. వానకాలమునకు ముందు ఇంటిపైని రేకులు మార్పవలసియున్నది.

మఱునాటి సాయంకాలము ఆఱుగురు విద్యార్థులతో, కొలతటేపుతో పోతిమి. బండి చిన్నది. పాతస్కూటరు ఇంజను; మోపెడు చక్రములు మూడు; నీటిగొట్టములతో చేసిన చట్రము. కాని ఆసనమును చూచి నిలిచిపోతిమి. అది నేలకు జానెడున్నర ఎత్తున మాత్రమే యున్నది. మీట లాగిన ప్రక్కకు జరిగి బండి వెలుపలికి వచ్చును. కూర్చున్న పిమ్మట త్రోసిన మఱల లోపలికి పోవును. మోకాళ్లు వంగని మనిషి కాలెత్తకుండ ఎక్కుటకు చేసిన యుపాయ మది. బాలుని నాయనమ్మకు కాళ్లు పడిపోగా, ఆమెను వీథిచివరి వైద్యునికడకు కొనిపోవుటకు కుమారుడు దీనిని కట్టెను. రోడ్డుమీదికి పోవుటకు దానికి అనుమతి లేదు, పోనీయలేదు. ఆ వీథిలోనే రెండేండ్లు నడచినది.

విద్యార్థులు కొలతలు తీసిరి. ఒకడు బొమ్మ గీసెను. బాలుడు చిట్టాలో మొదటి మూడు గడులను తానే నింపెను. నాల్గవ గడియొద్ద ఆగి తండ్రిని చూచెను. ఆయన చేతిగుడ్డతో చేతులు తుడుచుకొని, "అమ్మ పోయింది. ఇంకెవరి కోసం నడపాలి? అదే రాయి" అనెను. బాలుడట్లే వ్రాసెను.

మా చిట్టాలో నాల్గవ గడియంతయు లైసెన్సులు రాలేదు, భాగములు దొరకలేదు, కొనువారు లేరు అను మాటలతో నిండియున్నది. పని పూర్తియైనందున నిలిచిన బండి యదియొక్కటియే. ఆనాడు వీథిలో ఎవ్వరును "తాబేలు" అనలేదు. అనినను బాలుడు తలయెత్తియే యుండెను.

బండి నిలువలేదు. జూను నెలలో తూకమునకు పోయినది, రేకులు వచ్చినవి, ఇల్లు కురియుట మానినది. అది ధర్మమే. ఆసనమును మాత్రము ఆయన అమ్మలేదు. షాపునకు వచ్చినవారు దానిపై కూర్చుందురు. మేమును కూర్చుంటిమి, మోకాళ్లకు హాయిగానే యున్నది.

విద్యార్థులారా! ఇనుము ఎన్నడో యొకనాడు కాటా యెక్కక తప్పదు. దానిని కాపాడుమని మిమ్ము కోరము. మీ తాతగారి కొట్టములోనో, మేనమామగారి షాపు వెనుకనో ఏ బండియైన నుండిన, అది తూకమునకు పోకమునుపే యొక కొలతటేపుతోను, పలకతోను పోయి, ఆ నాలుగుప్రశ్నలు అడుగుడు. తల్లిదండ్రులారా! పిల్లలు అడిగినపుడు విసుగుకొనక చెప్పుడు. మా చిట్టాలో ఇంకను నూటపదునాలుగు పుటలు ఖాళీగా నున్నవి.