దంతవిద్యాభ్యాసము

విద్య నోటికి వచ్చుట వేరు, చేతికి వచ్చుట వేరు. ఈ భేదము దంతనిర్మాణశాస్త్రమునందు తేటపడినట్లు వేరొకచోట తేటపడుట మేము చూడలేదు.

సింగరేణి బొగ్గుగనులకు నేటి కంపెనీ పేరు వచ్చిన 1920వ సంవత్సరముననే డాక్టరు రఫీయుద్దీన్ అహమ్మదు గారు కలకత్తాలో మన దేశమునకు మొదటి దంతవైద్య కళాశాలను నెలకొల్పిరి. 2022లో మా రామగుండమునకు వైద్య కళాశాల వచ్చినది. దంతవిద్య కోరు బాలికలు మాత్రము హైదరాబాదు మొదలగు నగరములకు పోవుచున్నారు. వారిని మొదటియేటనే భయపెట్టు పాఠము దంతనిర్మాణము.

గోదావరిఖనిలో మా పొరుగింటి బాలిక యొకతె ఆ పరీక్ష తప్పి యిల్లు చేరినది. తండ్రి భూగర్భగనిలో పనిచేయువాడు. చదువునకై అప్పుచేసి యున్నాడు. నాయనమ్మ "చదివినంత చాలును, సంబంధములు చూడుడు" అనెను. మరల పరీక్షకు కొలది వారములే గడువు. పాఠము లప్పగించెదను, వినుడని ఆ బాలిక మా యొద్దకు వచ్చెను.

మాకు ఇంట అమరకోశమును కావ్యములును చెప్పిరి గాని ఆంగ్లము కొలదిగనే తెలియును. ఆమె పుస్తకమంతయు ఆంగ్లమే. కావున ప్రతి విషయమును ఆమె తెలుగున మాకు బోధింపవలసి వచ్చెను. ఇదియే ఆమెకు మొదటి మేలు. చదువునప్పుడు తెలిసినట్లే తోచిన సంగతి చెప్పబోవునప్పుడు చిక్కుపడెను. ఎచ్చట చిక్కుపడెనో అచ్చటనే తిరిగి చదువవలయునని తేలెను.

పెద్దలకు దంతములు 32. నోటిని నాలుగు పాళ్లు చేసినచో ఒక్కొక్క పాలున కొరుకు కుంతకములు 2, చీల్చు రదనిక 1, నలుపు అగ్రచర్వణకములు 2, నమలు చర్వణకములు 3. పని తెలిసిన రూపము గుర్తుండును. కుంతకము ఉలివలెను, రదనిక బల్లెపుమొనవలెను, చర్వణకము తిరుగలిరాతివలెను ఉండుటకు కారణ మదియే.

మా ప్రాంతమున గనులకు సంఖ్యలే పేర్లు. పదకొండవ ఇంక్లైనన్న చిన్నబిడ్డలకును తెలియును. అనేక దేశములందు దంతములను గూడ సంఖ్యలతోనే పిలుతురు. అయితే 11 అను దంతమును పదకొండనరాదు. "ఒకటి, ఒకటి" యనవలయును. మొదటి యంకె నోటి పాలును, రెండవది నడుమనుండి యెన్నవ దంతమో తెలుపును. రోగి కుడి పైపాలు 1, ఎడమ పైపాలు 2, ఎడమ క్రిందిపాలు 3, కుడి క్రిందిపాలు 4. రోగి మన కెదురుగా నున్నపుడు అతని కుడి మన యెడమవైపునకు వచ్చును. ఇచ్చట పొరబడినచో మంచిపన్ను పెరుకుట సంభవించును. కావున మేము వరుస విడిచి "36 ఏది? 14 ఏది?" అని యడుగుచుంటిమి. వరుసగా నడిగిన నాలుక తానే నడచిపోవును. నడుమనుండి యడిగినప్పుడే బుద్ధి మేల్కొనును.

పిదప పుస్తకము మూసి దంతమును పలకపై గీయుట, తెరచి సరిచూచుకొనుట. కళాశాలలో మైనపు దిమ్మలను చెక్కింతురట. ఇంట మేము బట్టల సబ్బు నిచ్చితిమి. పై దవడ మొదటి చర్వణకమునకు వేరులు 3: చెంపవైపు 2, అంగిలివైపు 1. క్రిందిదానికి 2: ముందొకటి, వెనుకొకటి. ఎన్నిమారులు చదివినను నిలువని యీ మాట, చేతితో చెక్కినపిదప ఆమెకు చెదరలేదు. సబ్బుపొట్టు ఉతుకునకు పనికివచ్చెను.

ఇది క్రొత్తమార్గము గాదు. శాస్త్రమెంత విన్నను అభ్యాసము లేనివాడు చికిత్సకు తగడని సుశ్రుతసంహిత చెప్పుచున్నది. కోతను గుమ్మడి, సొర మొదలగు కాయలపైనను, పెరుకుటను మృతపశువుల దంతములపైనను శిష్యుడు ముందుగా నేర్వవలయునని అందు విధి గలదు.

ఒక్కనాడు రేయింబవళ్లు చదువుటకంటె, నేటి పాఠమును రేపును, మూడవనాడును, వారము పిదపను పుస్తకము చూడక తలచుకొనుట మేలు. ఆమె యట్లే చేసెను.

మేమును ఒక సంగతి నేర్చుకొంటిమి. పాలపండ్లు 20. ఇంచుమించు ఆరవయేట వచ్చు మొదటి చర్వణకములు 16, 26, 36, 46. ఏ పాలపన్నును ఊడకయే ఇవి వాని వెనుక మొలచును. అందుచే తల్లులు వీనిని పాలపండ్లని యెంచి, పుచ్చినను ఊరకుందురు. ఇవి పోయిన మరల రావు.

కడపటి దినములలో నాయనమ్మయే నోరు తెరచి, మిగిలిన పండ్ల సంఖ్యలు చెప్పుమని మనుమరాలిని పరీక్షించుచుండెను. ఆ బాలిక ఈమారు ఉత్తీర్ణురాలై రెండవయేడు చదువుచున్నది. సంబంధముల మాట ప్రస్తుత మా యింట లేదు.

సోదరీమణులారా! బిడ్డల పెద్దచదువులు మనకు తెలియవని దూరముగ నిలువకుడు. పుస్తకము మీ చేతికి తీసికొని మూయుడు; వారిని చెప్పుమనుడు, గీయుమనుడు, చేసి చూపుమనుడు. అర్థము గానిచోట అర్థము కాలేదని నిస్సంకోచముగ అడుగుడు. ఆ ప్రశ్నయే వారికి గొప్ప సాయము.