కరెంటుకూ ఒక వేళ

మీ ఇంట్లో ట్యాంకు మోటారు ఎప్పుడు వేస్తారండీ? పొద్దున ఆరింటికో, సాయంత్రం ఏడింటికో అంటారు కదూ! మా వీధిలోనూ అంతే. పొద్దున గీజర్లూ మిక్సీలూ, సాయంత్రం ఏసీలూ టీవీలూ స్కూటరు చార్జింగులూ అన్నీ ఆ వేళకే. కరెంటు సరఫరా చేసేవాళ్లకు ఊపిరి సలపని గంటలు కూడా అవే. ఇన్నాళ్లూ ఎంత కాల్చామన్నదే చూసుకున్నాం. ఎప్పుడు కాల్చామన్నది కూడా చూసుకోవాల్సిన కాలం వచ్చింది. ఇవాళ ఆ కబురే చెబుదామని.

పల్లెలో పెరిగినవాళ్లకు రాత్రి కరెంటు సంగతి చెప్పనక్కర్లేదు. ఏ అర్ధరాత్రి దాటాకో త్రీఫేజు వచ్చేది. టార్చిలైటు పట్టుకుని గట్ల వెంట వెళ్లి స్టార్టరు నొక్కాలి. చీకట్లో పాము కరిచీ, తడి చేతులకు షాకు కొట్టీ ఎంతమంది రైతులు పోయారో! ఆ వేళకే ఎందుకిచ్చేవారంటే, బొగ్గు కేంద్రాన్ని రాత్రికి ఆర్పేసి తెల్లారి వెలిగించుకోవడం కుదరదు. ఊరంతా పడుకుంటే ఆ కరెంటు వాడేవాళ్లుండరు. అందుకని చేలకు మళ్లించేవారు.

ఇప్పుడు ఆ లెక్క తిరగబడింది. కర్నూలు నుంచి ఓర్వకల్లు వైపు వెళితే 1,000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. అలాంటివి దేశమంతా వచ్చాక మధ్యాహ్నం కరెంటు పుష్కలం. పొద్దు వాలగానే అది పోతుంది, సరిగ్గా మనం లైట్లు వేసుకునే వేళకి. మిగిలిన కరెంటును దాచుకునే దారి ఒకటుంది. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో, నాగార్జునసాగర్‌లో టర్బైన్లను వెనక్కి తిప్పి కింది నీళ్లను మళ్లీ పైకి తోడే ఏర్పాటు ఉంది. కరెంటు మిగిలినప్పుడు తోడిపెట్టుకుని, చాలనప్పుడు వదులుతారు. పిన్నాపురంలో 1,680 మెగావాట్ల ప్రాజెక్టు కూడా ఈ పనికోసమే. ఆంధ్రాలో సేద్యానికి పగటిపూటే 9 గంటలు కరెంటు ఇవ్వాలన్న విధానం వచ్చింది. రైతు రాత్రి ఇంట్లో పడుకోగలిగితే, నా దృష్టిలో ఈ మార్పు మొత్తంలో అంతకు మించిన మేలు లేదు.

మరి మనం మారతామా? మారతామండీ. ఎల్‌ఈడీ బల్బుల సంగతి చూడండి. 2015లో ఉజాలా పథకం మొదలైంది, 36 కోట్లకు పైగా బల్బులు ఇళ్లకు చేరాయి. 60 వాట్ల బల్బు ఉన్నచోట 9 వాట్లది వెలిగింది. ధర అందుబాటులోకొచ్చింది, బిల్లు తగ్గింది, ఇక ఒకరు చెప్పాల్సిన పని లేకపోయింది.

తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి ఉంది. తెల్ల రేషన్ కార్డున్న ఇంటికి నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. దాటితే మొత్తం కట్టాల్సిందే. నెలాఖరుకొచ్చేసరికి ఆ ఇళ్లలో మాటలు వినాలి. "అమ్మాయీ, మీటరు ఎంతలో ఉందే?" "నూట డెబ్బై ఎనిమిది, అత్తయ్యా." "అయితే ఈ వారం గీజరు వద్దులే, నీళ్లు గ్యాసు మీదే కాచుకుందాం." ఏ అంకె దగ్గర ఆగాలో తెలిస్తే మనవాళ్లు ఆగుతారు. కాకపోతే ఆ మీటరు ఎంతన్నది చెబుతుంది గానీ ఎప్పుడన్నది చెప్పదు. మిట్టమధ్యాహ్నం కాల్చిన యూనిటూ, రాత్రి ఎనిమిదింటి యూనిటూ దానికి ఒకటే.

ఆ తేడా చూపించేందుకే కేంద్రం 2023లో నిబంధనలు సవరించింది. ఎండ ఉన్న గంటల్లో రేటు తగ్గాలి, రద్దీ గంటల్లో పెరగాలి. ముందు పరిశ్రమలకూ వ్యాపారాలకూ, తర్వాత వ్యవసాయం తప్ప మిగతా అందరికీ అన్నారు. ఇళ్లకు ఎప్పుడు, ఎలా అన్నది ఆయా రాష్ట్రాల విద్యుత్ నియంత్రణ మండలి తేల్చాలి.

నాకు భయం ఇక్కడే. పొద్దున్నే పనికి వెళ్లి చీకటి పడ్డాక ఇల్లు చేరే మనిషి మధ్యాహ్నం వాషింగ్ మెషీన్ ఎలా వేస్తాడు? ఆ ఇంట్లో వంట చేసేదీ, పిల్లలు చదువుకునేదీ సాయంత్రమే. పగలంతా ఇంట్లో ఉండేవాళ్లకు తగ్గింపు, ఇలాంటివాళ్లకు వడ్డింపు అయితే అది అన్యాయం. మేడ మీద మూడు కిలోవాట్ల సోలార్ పలకలు పెట్టుకునేవాళ్లకు సూర్యఘర్ పథకం కింద కేంద్రం రూ.78,000 దాకా రాయితీ ఇస్తోంది. మంచిదే, పెట్టించుకోండి. కానీ దానికి సొంత డాబా కావాలి, అద్దె పోర్షన్‌లో ఉన్నవాళ్లకు అది ఎక్కడిది? కాబట్టి ఇళ్లకు వేళను బట్టి రేటు పెడితే ముందు మధ్యాహ్నం తగ్గింపు ఇచ్చి చూడాలి, సాయంత్రం పెంపు జోలికి అప్పుడే పోకూడదు. తక్కువ యూనిట్లు కాల్చే ఇళ్లను ఆ పెంపు నుంచి ఎప్పటికీ మినహాయించాలి.

వీలున్నవాళ్లు మోటారును, స్కూటరు చార్జింగును పదకొండు, మూడు గంటల మధ్యకు మార్చుకోండి. ఇవాళ మామూలు ఇంటి బిల్లులో దానికి పైసా తగ్గకపోవచ్చు, అయినా సాయంత్రం బరువు కొంత దిగుతుంది. ఇంకో పని కూడా చేయండి. చార్జీలు ఖరారు చేసే ముందు నియంత్రణ మండలి ప్రజల అభ్యంతరాలు అడుగుతుంది, బహిరంగ విచారణ జరుపుతుంది. పత్రికలో ఆ ప్రకటన కనబడితే పక్కన పడేయకండి. మీ ఇంట్లో ఎవరు ఏ వేళకు ఉంటారో, ఏ పని ఏ వేళకు తప్పదో రాసి పంపండి.