జోళ్లు కుట్టిన చేతులు

మా వీధి మొగమున వేపచెట్టు క్రింద నొక వృద్ధుడు చెప్పులు కుట్టుకొనుచుండును. ఆదివారము నాడు మాత్ర మాతని పనిముట్ల పెట్టె తెరవబడదు. ఉతికిన పంచ కట్టి, గుడ్డలో చుట్టిన వేదపుస్తకమును చంక నిడుకొని గుడికి బోవును. మొన్న నొక యాదివారము మా చిన్నవాని చెప్పు ఉంగటము తెగినది. తీసికొని పోయితిమి. "రేపు పొద్దున కుట్టి పెడతానమ్మగారూ, ఈ దినము కాదు" అని నవ్వుచు వెడలిపోయెను. ఒక్క కుట్టునకింత పట్టుదలయా యని మాకు విసుగు గలిగిన మాట దాచనేల? ఇల్లు చేరిన పిదప, చిన్ననాడు బడిలో జదివిన విలియం కేరీ కథ జ్ఞప్తికి వచ్చినది.

కేరీ 1761లో ఇంగ్లండు దేశపు నార్తాంప్టన్‌షైరులో నొక పల్లెయందు బుట్టెను. తండ్రి మొదట నేతపనివాడు, తరువాత బడిపంతులు. బాలుని యొడలికి ఎండ పడదు గనుక పొలము పని మాన్పించి, పదునాలుగేండ్ల ప్రాయమున జోళ్లు కుట్టువానియొద్ద పనికి బెట్టిరి.

క్రిస్మసు పండుగకు పని నేర్చు కుర్రవాండ్రు వర్తకులయొద్దకు బోయి యీనాము లడుగుట యచటి యాచారము. ఇనుప సామానుల వర్తకుడొకడు, షిల్లింగు కావలెనా, ఆరు పెన్నీలు కావలెనా యని యడుగగా మనవాడు షిల్లింగే పుచ్చుకొనెను. తీరా చూచిన నది చెల్లని బిళ్ల! అంతట యజమాని సొమ్ములోని మంచి షిల్లింగును తాను వాడుకొని, చెల్లని దానిని యాతని లెక్కలో గలిపెను. ఈ యొక్కసారికి నా బొంకు బయటపడకుండ గాపాడుమని త్రోవ పొడుగునను దేవుని వేడుకొనెనట. అట్టి ప్రార్థన యెన్నడును జేయని వారు మనలో నెందరు? దొంగతనము బయటపడనే పడినది. ఆ సిగ్గుచే జాలకాలము గడప దాటలేకపోయితినని పెద్దవాడైన పిదప తానే వ్రాసికొనెను. ఆతని ఘనకార్యము లన్నిటికంటె నిదియే మా మనసున నాటినది.

1783లో నెన్ నదిలో బాప్తిస్మము పొందెను. అటుపిమ్మట మోల్టన్ గ్రామమున బడి నడపుచు, చాలని కూలికి జోళ్లు కుట్టుచు, ఆదివారములందు మైళ్లకొలది నడచి పల్లెలలో బోధించుచుండెను. తోలు ముక్కలతో భూగోళము కుట్టి పిల్లలకు దేశములు చూపెడివాడు. పనిచేయు చోట గోడకు కాగితములతికించి ప్రపంచ పటము వ్రాసికొనెను. కెటరింగు పట్టణపు తోలువర్తకు డొకడు, నీవిక నా తోలు పాడుచేయవద్దు, చదువుకొమ్ము, వారమునకు పది షిల్లింగులిత్తునని చెప్పెనట!

ఇంతవరకు బడి పుస్తకములో నున్నదే. భార్య డారతి మాట అందు లేదు. 1781లో వివాహపు పుస్తకమున నామె చేవ్రాలు చేయనేరక గీటు పెట్టినది. మొదటి కూతురు పసితనముననే పోయినది. 1793లో భర్త హిందూదేశమునకు బోదుననగా, రానని చెప్పినది. ఓడ ఆలస్యమైనందున నాతడు తిరిగివచ్చి మరల నడిగెను. అప్పటికామె పురిటి మంచము దిగి యెన్నాళ్లో కాలేదు. చెల్లెలు తోడు వచ్చినచో వత్తునని యొప్పుకొన్నది.

మా వారి యుద్యోగము కలకత్తాకు మారినప్పుడు మా పెద్దపిల్లకు నలువది దినములు. రాజమండ్రిలో రైలెక్కి, మాట యాడక యేడ్చితిమి. మాకేమి, సెలవులకు పుట్టినిల్లున్నది. డారతికది లేదు. 1794లో అయిదేండ్ల కుమారుడు పీటరు మరణించెను. ఆమెకు మతి చలించినది. మరి బాగుపడలేదు. ప్రక్కగదిలో భార్య కేకలు వేయుచుండ, ఈ గదిలో భర్త భాషాంతరీకరణము చేయుచుండెను. 1807లో నామె కన్నుమూసినది. ఆతని యోర్పును మెచ్చుకొందుమా, ఆ రెండు గదుల నడుమనున్న తలుపును తలచి యేడ్తుమా? మాకు నేటికిని తేలలేదు.

కలకత్తాకు చేరువనున్న శ్రీరామపురమున ఆతని తెలుగు వ్యాకరణము 1814లోను, తెలుగు క్రొత్తనిబంధన 1818లోను అచ్చయినవి. పండితుల సాయము లేక యీ పను లాతనికి సాగియుండవు. అయినను తోలు పట్టిన చేతులే మన భాషకు వ్యాకరణము వ్రాసిన వని మన పెద్దలు కొందరు వినవలెను. 1829లో సహగమనమును నిషేధించు శాసనము రాగా వంగభాషలోనికి మార్చినదియు నాతడే. విందులో నొకరు, మీరు జోళ్లు చేయువారట గదాయని యెత్తిపొడువగా, కాదు, పాత జోళ్లు బాగుచేయువాడనని యుత్తర మిచ్చెనందురు.

సోమవారము తెల్లవారగానే వేపచెట్టు కడకు బోయితిమి. చెప్పు కుట్టి సిద్ధముగా నున్నది. వృద్ధుని వెనుక గోనెపట్టాపై నొక ముసలామె కూర్చుండి దారమునకు మైనము పట్టించుచున్నది. ఇన్నేండ్లుగా ఆ త్రోవన పోవుచున్నను ఆమెను మేము చూడనేలేదు. పైకము మేమాతని చేతి కీయబోగా, ఆతడు కనుసైగ చేసెను. ఆమెయే యందుకొని, లెక్కపెట్టి కొంగున ముడివేసికొన్నది.